ప్రార్థన కొండకు, గుండ్లకమ్మకు నడుమ
(యౌవనస్థులకు మనము చేసే ‘ఓర్పు’ బోధపై ఒక పరిశీలన)

తెలుగు సంఘాలలో యౌవనస్థుల కూటములు జరిగేటప్పుడు, ప్రార్థనను గూర్చిన ప్రసంగములో ఒంగోలు కథ రాకుండా ఉండడము అరుదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు ఒక కొండ ఎక్కి మోకరించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ప్రసంగీకుడు ఈ రెండు తేదీలు చెప్పి, “చూశారా, ఓర్పుతో ప్రార్థిస్తే...” అని మాటను సగములో వదలిపెడతాడు. ఎదుట కూర్చున్నవారు మిగిలిన సగమును ఎవరికి వారు పూర్తి చేసుకుంటారు. ఒకరికి డీఎస్సీ, ఒకరికి పోలీసు ఉద్యోగము, ఒకరికి తండ్రి తాగుడు మానడము.

రెండు తేదీలూ నిజమే. మా అభ్యంతరము వాటి మధ్యనున్న 24 ఏండ్లను గూర్చినది. ఆ ఏండ్లను తీసివేసి కథ చెప్పినప్పుడు, ఓర్పును నేర్పవలసిన ప్రసంగము అసహనమునే నేర్పుతున్నదని మా వాదన. ఎంత చిన్నగా చెబితే అంత త్వరగా జవాబు వచ్చినట్లు వినబడుతుంది కదా.

ఇది పుస్తకాలలో తేల్చుకొని ఊరుకోదగిన సంగతి కాదు. మేము సేవ చేస్తున్న నర్సీపట్నం ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, చింతపల్లి మన్యానికి ఎక్కే దారి మొదట ఉన్న ఊరు. చదువుకున్న పిల్లలు విశాఖపట్నమో హైదరాబాదో వెళ్తారు, కోచింగులో చేరుతారు, ఫలితాల కోసము ఎదురు చూస్తారు. పరీక్షకు ముందు 21 దినముల ఉపవాసము, కొందరైతే 40 దినములు. ఫలితము వచ్చిన మరుసటి ఆదివారము పేరున్నవారు సాక్ష్యము చెబుతారు, సంఘము చప్పట్లు కొడుతుంది. పేరు లేనివారికి ఆ ఆరాధనలో చెప్పుకొనే చోటు లేదు. కొన్ని వారములకు వారి కుర్చీ ఖాళీ అవుతుంది. ఇంటికి వెళ్లి అడిగితే, “చేశాను అయ్యగారూ, ప్రార్థన చేశాను, కాలేదు” అంటారు. అంతకంటె బాధాకరమైనది, ఎవరో పెద్దలు అప్పటికే వారితో “నీ విశ్వాసము చాలలేదు” అని చెప్పి ఉండడము. ప్రార్థనను విడిచినవారందరూ సోమరులని మనము అనుకుంటాము. వారిలో చాలామంది ఎక్కువగా ప్రార్థించినవారే.

ముందు ఒంగోలు సంగతి చూద్దాము. మా ప్రాంతానికి అది పరాయి కథ కాదు. ఒంగోలులో క్లౌ దొర లేని కాలములో ఆ పని చూచిన జాన్ మెక్‌లారిన్ గారే 1874లో కాకినాడకు వచ్చి కెనడియన్ బాప్తిస్టు మిషను పనిని ఆరంభించారు. విశాఖ, శ్రీకాకుళము వైపు బాప్తిస్టు సంఘాలలో చాలా భాగము ఆ మిషను ఫలమే.

అమెరికన్ బాప్తిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే గారి రాకతో ఆరంభమై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. పదమూడేండ్ల తరువాత, 1853లో, ఈ మిషనును మూసివేయవలెనా అనే ప్రశ్న అమెరికాలో జరిగిన వార్షిక సభ ఎదుటికి వచ్చింది. పటములో తెలుగు దేశమునకు ఒకే ఒక నక్షత్రము, నెల్లూరు. ఆ మాటను పట్టుకొని శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఒక గీతము రాయడమువల్ల ‘ఒంటరి నక్షత్రము’ అనే పేరు నిలిచింది, మిషను కూడా నిలిచింది. కొండమీద ప్రార్థించినవారు లైమన్ జూయెట్ గారు, ఆయన భార్య, నరసు, జూలియా, రూతు. వారు కొండ ఎక్కినది ఈ నేపథ్యములో. మూతపడబోయి తప్పిన పనిలో ఉన్నవారు వారు. కొండ దిగిన తరువాత వారికి కనబడినదేమిటి? ఏమీ లేదు. వారు నెల్లూరికి తిరిగివెళ్లి పాత పనినే చేశారు. 1862లో జూయెట్ గారు ఆరోగ్యము చెడి అమెరికా వెళ్లేసరికి మిషనును మూసివేసే మాట మళ్లీ లేచింది. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను అని పట్టుబట్టినది ఆయనే. 1865లో జాన్ ఇ. క్లౌ గారిని వెంటబెట్టుకొని వచ్చారు. క్లౌ గారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

కొండమీది ప్రార్థనకు సరిగ్గా పదమూడేండ్లకు ఎనిమిది మంది! నూతన సంవత్సరపు రాత్రి కూటములలో 2,222 చెప్పేవారు ఈ ఎనిమిదిని చెప్పగా మేము వినలేదు.

ఆ తరువాతి భాగము కూడ మన ప్రసంగాలలో లోపించింది. ప్రజలు కదిలినది కొండమీద ప్రార్థించినవారిచేత కాదు, మాదిగ పల్లెలలో పుట్టిన బోధకులచేత. వారిలో మొదటివాడైన యెర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడువాడు. క్రీస్తును గూర్చి వినకముందే రాజయోగ గురువుల వద్ద కూర్చొని, దేవుని వెదకుతూ ఏండ్లు గడిపినవాడు. ఆయన 1866లో బాప్తిస్మము పొంది, తన వారి మధ్యకు వెళ్లి పని చేశాడు. అయిదుగురు కొండమీద ప్రార్థిస్తున్నారు సరే, అటు పేరయ్య వంటివాడు తన వెదకులాటలో ఉన్నాడు. అతని ఓర్పును మనము లెక్కలో వేయడము లేదు. ఓర్పు ఎప్పుడూ మిషనరీకి, జవాబు ఎప్పుడూ దళితునికి అన్నట్లు కథ నడుస్తుంది.

ఈ నడకకు కారణము కొంతవరకు మూలగ్రంథములలోనే ఉన్నది. డేవిడ్ డౌనీ గారి ‘లోన్ స్టార్’ (1893) మిషను చరిత్రకు ఆధారగ్రంథమే గాని, దానిని పోషించినవారు చదువుకొనుటకు రాసిన పుస్తకము. వారి విరాళము, వారి ప్రార్థన వ్యర్థము కాలేదని చూపడము దాని పని, ఆ పనిని బాగానే చేసింది. నక్షత్రము ఆరిపోబోయి వెలిగింది అన్న వరుస దానికి అవసరము. ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ గారి ‘వైల్ సూయింగ్ శాండల్స్’ (1899) వేరు రకము. చెప్పులు కుట్టే మాదిగల నోటినుండి ఆమె విన్న సంగతులు అందులో ఉన్నాయి, పేరయ్య మనకు మనిషిగా కనబడేది అక్కడే. ఆమె సిద్ధము చేసిన క్లౌ గారి ఆత్మకథ (1914) మూడవది. బి.డి. విద్యార్థులు మొదటి పుస్తకమునే చదివి ప్రసంగము రాస్తున్నారు. మిగిలిన రెండింటినీ చదివితే ప్రసంగము అంత సులువుగా రాదు, అదే మంచిది.

ఇక కరవు. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో వచ్చిన కరవులో లక్షలాది మంది చనిపోయారు. బకింగ్‌హాం కాలువ తవ్వకములో మూడు మైళ్లకు పైగా క్లౌ గారు కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. బోధకులు ఆ కూలీల మధ్య ఉండి, పని ఆగిన వేళ వాక్యము చెప్పారు. బాప్తిస్మము కోరినవారు వందలు, తరువాత వేలు. ఇక్కడ క్లౌ గారు చేసినది గమనించదగినది. దాదాపు పదిహేను నెలలు ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నము కోసము వచ్చారన్న మాట రాకూడదని, వారి కోరిక కరవును దాటి నిలుస్తుందో లేదో చూడవలెనని ఆపారు. 1878 జూన్‌లో సహాయపు సొమ్ము, కూలిపని ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా వారు వెళ్లలేదు. అప్పుడే నీటిలోనికి దించారు. వెల్లంపల్లి వద్ద జూలై 2న 614, 3న 2,222, 4న 700, మూడు దినములలో మొత్తము 3,536. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని ఇచ్చారు. క్లౌ గారు ఆ దినము స్వయముగా ఎవరికీ ఇవ్వలేదు.

అంటే, ఓర్పును గూర్చి ఒంగోలు చెప్పే సంగతులలో బరువైనది కొండమీద జరిగినది కాదని మా అభిప్రాయము. మిషనరీ “ఇప్పుడు కాదు” అన్నాడు. ఆకలితో ఉన్న మాదిగలు పదిహేను నెలలు “అయినా మేము వెళ్లము” అన్నారు. యౌవనస్థులకు చెప్పవలసినది ఈ భాగమే. ఉపవాసము పేరుతో వారము దినములు భోజనము మానినవానిని మనము వేదికపై నిలబెడతాము. వీరు తినుటకు లేని దినములలో కనిపెట్టుకొని ఉన్నారు.

వాక్యభాగముల విషయములోను ఇటువంటి తొందరపాటే కనబడుతుంది. యౌవనస్థులకు పట్టుదల గల ప్రార్థనను బోధించేవారు లూకా 11వ అధ్యాయములో అర్ధరాత్రి వచ్చిన స్నేహితుని ఉపమానమును, 18వ అధ్యాయములో విధవరాలి ఉపమానమును కలిపి ఒకటే చేస్తారు. మన తెలుగు బైబిలు కూడ అందుకు దారి ఇస్తున్నది. లూకా 11:8లో అడిగినవాడు ‘మాటిమాటికి’ అడిగినట్లు మనము చదువుతాము. గ్రీకులో ఆ చోట ఉన్నది ‘అనైదేయ’ అనే ఒకే మాట, క్రొత్త నిబంధనలో మరెక్కడా రాదు. దాని అర్థము సిగ్గులేనితనము. తెలుగులో ‘సిగ్గుమాలి’ అన్న మాట దానికి సరిపోయింది. ‘మాటిమాటికి’ అనువాదకులు అర్థము చెప్పడానికి కలిపినది. ఉపమానములో ఆ స్నేహితుడు ఒక్కసారే అడిగాడు. ఆ సిగ్గు అడిగినవానిదా, లోపల పడుకొన్నవానిదా అన్నదానిపై కూడ పండితులలో భేదాభిప్రాయమున్నది. మధ్యప్రాచ్య గ్రామాల ఆచారములను పరిశీలించిన కెన్నెత్ బెయిలీ గారు, అతిథికి రొట్టె లేదనిపించుకొనుట ఊరంతటికీ పరువు నష్టము గనుక లోపలివాడు ఆ అవమానము రానీయడు అని వివరించారు. ఆయన వాదనను పూర్తిగా అంగీకరించకపోయినా, ఈ ఉపమానమును ‘వందసార్లు అడిగితే ఇస్తాడు’ అని చెప్పుటకు ఆధారము లేదు. ఆ తరువాతి వచనములలో అడుగుడి, వెదకుడి, తట్టుడి అనే క్రియలు ఎడతెగని పనిని సూచించే రూపములో ఉన్నాయి. ఎడతెగక అడుగుట అనే బోధకు బలము అక్కడ ఉన్నది, అర్ధరాత్రి తలుపు దగ్గర కాదు.

విధవరాలు నిజముగానే మరల మరల వచ్చింది. అయితే ఆమె అడిగినదేమిటో మరచిపోకూడదు. ఆమె అడిగినది న్యాయము. ఈ ఉపమానమునకు ముందు, 17వ అధ్యాయము చివర, మనుష్యకుమారుని దినమును గూర్చిన బోధ ఉన్నది. ఆలస్యమవుతున్న ఆ దినము కొరకు హింసలలో ఎదురు చూచేవారికి చెప్పిన మాట ఇది. మన కూటములలో ఆమె వీసా కోసము, పెండ్లి సంబంధము కోసము వచ్చినదైపోయింది. వాటికొరకు ప్రార్థింపకూడదని మేము అనడము లేదు. రోజువారీ ఆహారము కొరకు అడుగమని ప్రభువే నేర్పాడు. కాని అన్యాయమును ఎదిరించి నిలిచిన పేద స్త్రీని మన కోరికల చిట్టాకు పూచీదారుగా నిలబెట్టడము ఆమెకు అన్యాయమే. మన్యములోగాని మైదానములోగాని భూమి పోగొట్టుకొని కచేరీ మెట్లు ఎక్కే విధవరాండ్రు మన సంఘాలలోనే ఉన్నారు. యౌవనస్థులు ఈ ఉపమానమును వారి ప్రక్కన కూర్చొని చదివితే ఎంత బాగుండును!

ఆ న్యాయాధిపతి మాటలో తెలుగు బైబిలు ‘గోజాడు’ అనే క్రియ వాడింది. గ్రీకు మాటకు కంటిక్రింద గుద్దుట అని అర్థము, పౌలు 1 కొరింథీయులకు 9:27లో తన శరీరమును నలగగొట్టుటను గూర్చి వాడినది అదే మాట. ఆ హాస్యము తెలుగులో కొంత తగ్గింది. దానిమీద పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, చాలామంది ప్రసంగీకులు దేవుని ఆ న్యాయాధిపతి స్థానములో కూర్చోబెడుతున్నారు. ప్రభువు వాదన అల్పమునుండి అధికమునకు పోయేది: అటువంటివాడే తీర్చితే, దేవుడు తీర్చడా? దేవుని విసిగించి, అలసిపోజేసి పొందాలనుకొనే ప్రార్థన, ఆయన అన్యాయస్థుడైన న్యాయాధిపతి అని ఒప్పుకొన్నట్లే.

18:1లోని ‘విసుకక’ అన్న మాట కూడ నేటి పిల్లలకు వేరుగా వినబడుతున్నది. వారి వాడుకలో విసుగు అంటే చిరాకు, పొద్దుపోకపోవడము. గ్రీకు క్రియ అదే అయినా 2 కొరింథీయులకు 4వ అధ్యాయములో మన బైబిలు దానిని అధైర్యపడుట అని అనువదించింది. ప్రార్థన విడిచిన యౌవనస్థునికి విసుగు పుట్టిందని మనము గద్దిస్తాము. అతనికి పుట్టినది అధైర్యము. రెంటికీ మందు ఒకటి కాదు.

ఓర్పు, సహనము, ఓపిక, దీర్ఘశాంతము అనే మన నాలుగు మాటలకు గ్రీకులో ప్రధానముగా రెండే ఉన్నాయి. భారము క్రింద నిలుచుట ఒకటి (రోమా 5:3లో ఓర్పు, యాకోబు 5:11లో యోబు సహనము), మనుష్యులయెడల కోపము ఆపుకొనుట ఇంకొకటి (గలతీ 5:22లో దీర్ఘశాంతము). దీనిపై ఇంతకంటె చెప్పవలసిన పని ఇక్కడ లేదు. కాని రోమా 12:12లో ప్రార్థనకు ‘పట్టుదల’ అని మనము చదివే చోట మూలములో ఉన్నది ఈ రెండూ కాదు, ‘ప్రొస్కర్తెరెయో’. మార్కు 3:9లో ప్రభువు కొరకు దోనె సిద్ధముగా ఉంచుటకు ఆ మాటే. అపొస్తలుల కార్యములు 10:7లో కొర్నేలీ దగ్గర ఎప్పుడూ ఉండే సైనికునికీ ఆ మాటే. అక్కడ మన అనువాదకులు ‘కనిపెట్టుకొని’ అన్నారు, చక్కటి మాట దొరికింది. కీర్తనలలో దేవుని కొరకు ఎదురు చూచుటకు మనకున్న మాట అదే. పట్టుదల అనగానే మన పిల్లలకు పోటీ పరీక్ష గుర్తుకు వస్తుంది, గెలుపు ఓటములు గుర్తుకు వస్తాయి. కనిపెట్టుట పిలుపు వచ్చేవరకు దగ్గర ఉండడము. ఒడ్డున కట్టిన దోనె ఏమి సాధిస్తున్నట్లు? అవసరమైనప్పుడు అక్కడ ఉన్నది, అంతే. మన సంఘాలలో ‘కనిపెట్టు ప్రార్థన’ అనే పేరు ఇప్పటికీ ఉన్నది గాని, ఆ కూటములు చాలాచోట్ల బిగ్గరగా అడిగే కూటములైపోయాయి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. లేఖనములో మానివేసిన ప్రార్థనలు కూడ ఉన్నాయి. యొర్దాను దాటనిమ్మని అడిగిన మోషేతో, ఇక ఈ సంగతి ఎత్తవద్దని దేవుడు చెప్పినట్లు ద్వితీయోపదేశకాండము 3వ అధ్యాయములో ఉన్నది. పౌలు తన ముల్లును గూర్చి మూడుసార్లు వేడుకొని, జవాబు విని ఊరుకున్నాడు. గెత్సేమనేలో ప్రభువు ప్రార్థన కూడ మూడుసార్లే. నాలుగవసారి అడగకపోవడము వీరి అవిశ్వాసమా? పట్టుదలను మాత్రమే బోధించి ‘కాదు’ అనే జవాబును వినడము నేర్పకపోతే, ఇరువది యేండ్ల పిల్లవానికి రెండే దారులు మిగులుతాయి: దేవుడు లేడనుకొనడము, లేదా తానే పనికిరానివాడననుకొనడము. మోషే ఆ తరువాత ఏమి చేశాడో చదివి చూపించాలి. కొండమీదనుండి దేశమును చూచాడు, యెహోషువను ధైర్యపరచాడు. దేవునితో మాట్లాడుట మానలేదు, ఆ ఒక్క సంగతిని మాటలాడుట మానాడు.

దీనికి సంబంధించి సాక్ష్యముల పద్ధతిని సంఘకాపరులు తిరిగి ఆలోచించవలెనని మేము కోరుతున్నాము. పొందినవారే నిలబడి మాట్లాడే వేదిక ఉన్నంతకాలము మనము ఎంత వాక్యము చెప్పినా పిల్లలు నేర్చుకొనేది వేదిక చెప్పినదే. ఇంకా పొందనివారు, పొందకుండానే ఆరాధనకు వస్తున్నవారు కూడ నిలబడి “ఇంకా అడుగుతున్నాను” అని రెండు మాటలు చెప్పి కూర్చోనివ్వాలి. వారి తరువాత పాస్టరు లేచి ఆ మాటను సరిదిద్దకూడదు, వాగ్దానము ఎత్తి చూపకూడదు. కీర్తనల గ్రంథములో మొఱ్ఱలు స్తుతులకు ఏమీ తీసిపోవు. కొన్ని మొఱ్ఱలకు జవాబు కూడ లేదు, 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దానిని యౌవనస్థుల కూటములో పఠించినవారు మనలో ఎందరు?

చివరకు ఒక ప్రశ్న మిగిలి ఉన్నది, తెలివిగల విద్యార్థి ఎవరైనా దానిని అడుగుతాడు. గుండ్లకమ్మలో జరిగినది కొండమీది ప్రార్థనకు జవాబైతే, నడుమ వచ్చిన కరవు ఎవరి జవాబు? ఆ కరవులో చనిపోయినవారిలో ప్రార్థించినవారు లేరా? ప్రజలను సంఘములోనికి తెచ్చుటకు దేవుడు కరవు పంపాడని వేదికలమీద అనేవారున్నారు. సీలోయములో గోపురము పడి చనిపోయినవారిని గూర్చి ప్రభువు చెప్పినదాని తరువాత (లూకా 13వ అధ్యాయము) ఆ మాట అనడానికి మనకు నోరు రాకూడదు. కరవునకు కారణములు వర్షములలోను, ధాన్యపు వ్యాపారములోను, ఆనాటి ప్రభుత్వపు విధానములోను వెదకవలసినవి. కరవు మధ్యలో కాలువ తవ్వుతున్న కూలీల ప్రక్కన కూర్చొని, సాయంకాలము వాక్యము చెప్పిన తెలుగు బోధకులు ఉన్నారు. ప్రార్థనకు జవాబు ఏదని మమ్మును అడిగితే మేము మొదట వారినే చూపుతాము. వారిలో ఎక్కువమంది పేర్లు మన ప్రసంగాలలో లేవు.